చేపకు చిన్న పురుగు, వలకు వేడి నీళ్లు

పిల్లలూ, గప్పీ పిల్ల నోరు ఎంతుంటుందో చూశారా? దానికి వానపాము ఒక కొండచిలువే! (వానపామును కొన్ని ఊళ్లలో ఎర్ర అంటారు. మీ ఊళ్లో ఏమంటారో అమ్మనో నాన్ననో అడగండి.) గప్పీ పిల్లలకు సరిపోయేవి మైక్రోవర్మ్‌లు. ఇవి ఒకటి రెండు మిల్లీమీటర్ల నులిపురుగులు. ఓట్స్ గట్టి జావలా కాచి చల్లార్చి, చిటికెడు ఈస్టు చల్లి, పురుగులున్న పాత జావ ఒక చెంచా కలిపి, మూతకు సన్నని చిల్లులున్న డబ్బాలో ఉంచండి. కొద్ది రోజుల్లో పురుగులు డబ్బా గోడలెక్కుతాయి. దూదిపుల్లతో తీసి నీళ్లలో జాడిస్తే సరి. చేపలు వెంటనే తినేటంతే వేయండి. మిగిలినవి చచ్చి కుళ్లితే అమ్మోనియా పుడుతుంది, అది చేపలకు విషం.

ఇక వల, గొట్టం, బకెట్టు. సబ్బు వాడకండి, దాని అవశేషం చేపలకు హాని. పెద్దవాళ్ల సాయంతో వేడి నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరబెట్టండి. ఐర్లాండు ఎండను నమ్ముకుంటే అయినట్టే, రేడియేటర్ దగ్గర తగిలించండి!

ఆరబెట్టడం ఎందుకంటారా? 2017లో క్లోన్‌మెల్ మీదుగా పారే షూర్ నదిలో ఐర్లాండు సొంత క్రేఫిష్‌లు గుంపులుగా చచ్చిపోయాయి. ఆ ప్లేగును తెచ్చే బూజులాంటి జీవి కంటికి కనబడదు, తడి బూట్లు, వలలు పట్టుకుని నది నుంచి నదికి ప్రయాణిస్తుంది. పూర్తిగా ఆరితే చస్తుంది. మన ఇంట్లో కూడా ఒక తొట్టి రోగం తడి వలతోనే రెండో తొట్టికి పాకుతుంది. అందుకే తొట్టికొక వల. తొట్టి నీళ్లు కాలువలోనో చెరువులోనో పోయకండి. చేతికి గాయముంటే తొట్టిలో పెట్టకండి, పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి. సబ్బు చేతులకే, వలకు కాదు!