మత్తు వదిలితే చాలదు, బలం రావాలి!

బాలలూ! మీ చెల్లాయికి ఆరేళ్ళనుకోండి. కడుపునొప్పితో మెలికలు తిరిగిపోతుంటే ఆసుపత్రికి తీసుకువెళ్ళారు. అపెండిక్సు వాచిందని ఆపరేషను చేశారు. కుట్లు వేయడం కూడా అయిపోయింది. ఇక మత్తు ఆపి చెల్లాయిని లేపడమే తరువాయి. 'అమ్మయ్య, గండం గడిచింది' అని మీరనుకుంటారు. కాని ఆమె తల దగ్గర నిలబడి ఉన్న మత్తు డాక్టరుగారు అప్పుడే అలా అనుకోరు. ఆయన చెల్లాయి బొటనవేలి వంక చూస్తూ ఉంటారు! ఎందుకో తెలుసుకుందామా?

మత్తు వేరు, సడలింపు వేరు

పెద్ద ఆపరేషనుకు ముందు సాధారణంగా రెండు రకాల మందులు ఇస్తారు. ఒకటి నిద్రపుచ్చే మందు. దీనివల్ల మనకు తెలివి ఉండదు. రెండవది కండరాలను సడలించే మందు. పొట్ట కండరాలు బిగుసుకుని ఉంటే డాక్టరు లోపల పని చేయలేరు. శ్వాసనాళంలోకి గొట్టం పంపాలన్నా గొంతు కండరాలు వదులుగా ఉండాలి. అందుకే ఈ రెండవ మందు.

అయితే ఈ మందుకు పొట్ట కండరం, ఛాతీ కండరం అనే తేడా తెలియదు. ఊపిరి తీయించే కండరాలు కూడా సడలిపోతాయి. కాబట్టి ఆపరేషను జరుగుతున్నంతసేపూ యంత్రమే రోగి ఊపిరితిత్తుల్లోకి గాలి పంపుతుంది.

ఇందులో గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటుంది. సడలింపు మందు నిద్ర పుచ్చదు, నొప్పి తగ్గించదు. నిద్రమందు వదిలి, సడలింపు మందు మాత్రం ఒంట్లో మిగిలిపోయిందనుకోండి. అప్పుడు రోగికి అన్నీ తెలుస్తుంటాయి. కాని చేయి కదపలేడు, మాట్లాడలేడు, ఊపిరి సరిగా తీయలేడు.

బాణం కొనకు పూసిన విషం

ఈ మందుల పుట్టుక దక్షిణ అమెరికా అడవుల్లో జరిగింది. అక్కడి వేటగాళ్ళు క్యూరారే అనే విషాన్ని బాణాల కొనలకు పూసేవారు. బాణం తగిలిన జంతువు కదలలేక, ఊపిరాడక చనిపోయేది. 1814లో ఇంగ్లండులో ఒక గాడిదకు ఈ విషం ఎక్కించి, కొలిమితిత్తితో గంటల తరబడి గాలి ఊదారు. గాడిద బ్రతికి లేచి నిలబడింది! విషం గుండెను ఆపదనీ, ఊపిరిని మాత్రమే ఆపుతుందనీ తేలింది. 1942 జనవరి 23న కెనడాలోని మాంట్రియల్ నగరంలో హెరాల్డ్ గ్రిఫిత్, ఎనిడ్ జాన్సన్ అనే డాక్టర్లు ఒక అపెండిక్సు ఆపరేషనులో క్యూరారేను మందుగా వాడారు. ఈనాడు దాని బదులు రోకురోనియం, వెకురోనియం వంటి మందులు వాడుతున్నారు.

కండరం మీద కుర్చీలాట

కండరం కదలాలంటే నాడి కొస నుండి ఎసిటైల్‌కోలిన్ అనే పదార్థం విడుదల కావాలి. అది కండరం మీద ఉన్న గ్రాహకాలనే 'కుర్చీల'లో కూర్చోవాలి. అప్పుడు కండరం ముడుచుకుంటుంది. వెంటనే ఒక ఎంజైము వచ్చి, చీపురుతో ఊడ్చినట్టు ఎసిటైల్‌కోలిన్‌ను తొలగిస్తుంది. సడలింపు మందు చేసే పని ఏమిటంటే, ఆ కుర్చీలను తాను ఆక్రమించి ఊరకే కూర్చోవడం! పనీ చేయదు, పనిచేసే వాళ్ళను కూర్చోనివ్వదు.

ఇక్కడొక చిక్కుంది. సుమారు నాలుగింట మూడు వంతుల కుర్చీలు మందు చేతిలో ఉన్నా కండరం మామూలుగానే కదిలినట్టు కనబడవచ్చు. కాబట్టి చేయి కదిలినంత మాత్రాన మందు పూర్తిగా వదిలిందనుకోరాదు.

రెండు విరుగుళ్ళు

1900లో వియన్నాలో యాకోబ్ పాల్ అనే వైద్యుడు ఒక వింత గమనించాడు. ఆఫ్రికాలో దొరికే కలబార్ చిక్కుడు గింజలోని ఫైసోస్టిగ్మిన్ అనే విషం, క్యూరారే ప్రభావాన్ని పోగొడుతోంది! దానికి దగ్గరి చుట్టమే నేడు వాడే నియోస్టిగ్మిన్. ఇది ఆ ఎంజైము చీపురును పట్టి ఆపుతుంది. ఎసిటైల్‌కోలిన్ గుంపుగా పోగుపడి కుర్చీలను తిరిగి గెలుచుకుంటుంది. అయితే కుర్చీలన్నీ మందు చేతిలో ఉన్నప్పుడు ఎంత గుంపు చేరినా లాభం లేదు. కొంత బలం దానంతటదే తిరిగి వచ్చాకనే ఈ ఇంజెక్షను ఇవ్వాలి. పైగా ఇది గుండె వేగాన్ని తగ్గిస్తుంది. అందుకే తోడుగా అట్రోపిన్ గాని, గ్లైకోపైరోలేట్ గాని ఇస్తారు.

రెండవ విరుగుడు సుగమడెక్స్. ఎనిమిది చక్కెర పూసలు గుండ్రంగా చేరి, గారెలాగా మధ్యన చిల్లు ఉన్న అణువు ఇది. రోకురోనియం అణువు ఆ చిల్లులో ఇరుక్కుపోతుంది. రెండూ కలిసి మూత్రంలో బయటికి పోతాయి. యూరప్‌లో 2008లో దీనికి అనుమతి లభించింది. అమెరికాలో 2015లో పెద్దలకూ, 2021లో రెండేళ్ళు నిండిన పిల్లలకూ అనుమతించారు. కాని ఇది రోకురోనియం, వెకురోనియం మందులకే విరుగుడు. ఇలాగే కుర్చీలను ఆక్రమించి ఊరకే కూర్చునే తక్కిన మందులకు నియోస్టిగ్మిన్ వాడతారు.

పిల్లల విషయంలో జాగ్రత్త ఎందుకు?

మీ పొట్టమీద చేయి ఉంచి ఊపిరి పీల్చండి. చేయి పైకి లేచింది గదా! లోపల ఉదరవితానం అనే కండరం కిందికి దిగడమే దీనికి కారణం. పసిపిల్లల్లో ఈ కండరం త్వరగా అలసిపోతుంది. బరువును బట్టి లెక్కవేస్తే వాళ్ళకు పెద్దలకంటే సుమారు రెండు రెట్లు ప్రాణవాయువు కావాలి. ఊపిరితిత్తుల్లోని నిలువ మాత్రం తక్కువ. కొద్దిపాటి బలహీనత మిగిలినా నాలుక వెనక్కి జారవచ్చు, దగ్గలేక ఉమ్మి శ్వాసనాళంలో పడవచ్చు. రక్తంలో ప్రాణవాయువు చూస్తుండగానే పడిపోతుంది.

పెద్దవాళ్ళనైతే 'తల ఎత్తి ఐదు సెకన్లు నిలపండి' అని అడగవచ్చు. పాలు తాగే పసిబిడ్డను ఎలా అడుగుతాం? తనంతట తాను కాళ్ళు పైకి ముడుచుకుంటోందా అని చూస్తారు. కాని చూపుకంటే కొలత నమ్మకమైనది.

బొటనవేలు చెప్పే లెక్క

బిడ్డ ఇంకా నిద్రలో ఉండగానే మణికట్టు దగ్గరి నాడికి అర సెకనుకొకటి చొప్పున నాలుగు చిన్న విద్యుత్ ప్రేరణలు ఇస్తారు. బొటనవేలు నాలుగుసార్లు అదురుతుంది. మందు మిగిలి ఉంటే మొదటి అదురుకంటే నాలుగవది బలహీనంగా ఉంటుంది. నాలుగవ దానిని మొదటి దానితో భాగిస్తే 0.9 అయినా రావాలి. 1970లలో 0.7 చాలనుకునేవారు. అది చాలదని తరువాతి పరిశోధనలు తేల్చాయి.

మన చెల్లాయికి విరుగుడు ఇచ్చారు. లెక్క 0.9 దాటింది. మత్తు ఆపారు, తెలివి వచ్చింది, గొట్టం తీశారు. 'అమ్మా!' అని గట్టిగా ఏడ్చింది. మీకు జాలి వేసింది గదా! డాక్టరుగారు మాత్రం చిరునవ్వు నవ్వారు. అంత గట్టిగా ఏడవాలంటే ఛాతీ నిండా గాలి పీల్చగలగాలి మరి!

ఆలోచించండి: ఒక బిడ్డకు మొదటి అదురు బలం 20, నాలుగవది 14. డాక్టరుగారు ఇప్పుడే గొట్టం తీయవచ్చునా?