వజ్రం వెనుక ఏముంది?

కొన్నప్పుడు ధగధగలాడిన వజ్రాల దుద్దులు నాలుగేళ్లకే మసకబారాయన్న మాట చాలా ఇళ్లలో వినిపిస్తుంది. రాయి పాతబడిందని కొందరు, మోసపోయామని కొందరు అనుకుంటారు. వజ్రం పాతబడదు. లోపం చాలాసార్లు రాయిలో కాక, రాయి వెనుక ఉంటుంది. నగల దుకాణంలో ‘ఓపెన్ సెట్టింగా, క్లోజ్డ్ సెట్టింగా’ అని అడిగేది ఆ వెనుక భాగం గురించే.

వజ్రం వక్రీభవన గుణకం 2.42. మామూలు గాజుకు అది దాదాపు 1.5. గుణకం ఇంత ఎక్కువ కావడంతో, రాయిలోకి వెళ్లిన కాంతి అంత తేలిగ్గా బయటపడలేదు. వెనుక ముఖాన్ని అది లంబానికి 24.4 డిగ్రీలకు మించిన కోణంలో తాకితే, అద్దం మీద పడినట్టు లోపలికే తిరిగి వస్తుంది. దీన్ని సంపూర్ణాంతర పరావర్తనం అంటారు. ఈ సూత్రం ఆధారంగా 1919లో మార్సెల్ టోల్కోవ్‌స్కీ ఒక లెక్క వేశాడు. రాయి కింది భాగాన్ని 40.75 డిగ్రీల వాలుతో చెక్కితే, పైనుంచి పడిన కాంతి చాలావరకు పైకే వచ్చి చూసేవారి కంటిని చేరుతుంది.

అయితే రాయి వెనుక గాలి ఉన్నప్పుడే ఈ లెక్క సరిపోతుంది. అక్కడ నువ్వుల నూనె పొర పేరుకుందనుకుందాం. నూనె గుణకం సుమారు 1.47 కాబట్టి, 24.4 డిగ్రీల హద్దు ఒక్కసారిగా 37 డిగ్రీలు దాటుతుంది. వాలుగా వచ్చే కిరణాలు ఎన్నో వెనుకనుంచి జారిపోతాయి. తలంటి రోజు చెవి వెనక్కి కారిన నూనె, పౌడరు, సబ్బు జిడ్డు చేసే పని ఇదే. పైగా వజ్రం నీటిని అంటించుకోదు కానీ, జిడ్డును వదలదు. 19వ శతాబ్ది చివర్లో కింబర్లీ గనుల్లో ఈ గుణాన్నే వాడుకున్నారు. గ్రీజు పూసిన బల్లలపై రాళ్ల పొడిని నీటితో పారిస్తే, మిగతావి కొట్టుకుపోయి వజ్రాలు మాత్రం అతుక్కుని ఉండిపోయేవి.

మరి మన పాత నగల్లో రాయి వెనుక భాగాన్ని పూర్తిగా ఎందుకు మూసేశారు? ఆనాటి రాళ్లకు ఇప్పటి వాలులు లేవు. పోల్కీ అనే పలుచని, పెద్దగా చెక్కని వజ్రంలో పడిన కాంతి సూటిగా వెనక్కి పోతుంది. దాన్ని తిప్పి పంపడానికి వెనుక ఒక మెరుగు రేకు కావాలి. అందుకే గూట్లో లక్క నింపి, పైన రేకు పరచి, దానిమీద రాయిని కూర్చోబెట్టారు. ఆ తర్వాతిదే అసలైన నేర్పు. ‘కుందనపు బొమ్మ’ అంటాం కదా, ఆ కుందనం అంటే మేలిమి బంగారం. దాన్ని సన్నని రేకులుగా సాగగొట్టి, రాయి అంచు చుట్టూ పనిముట్టుతో ఒత్తుకుంటూ పోతారు. స్వచ్ఛమైన బంగారంపై తుప్పు పొర ఏర్పడదు. కాబట్టి శుభ్రమైన రెండు పొరలు ఒత్తిడికే ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. నిప్పు అక్కర్లేదు, టంకం అక్కర్లేదు. వేడి తగిలితే లక్క కరిగిపోయేది మరి! లోహశాస్త్రం ‘కోల్డ్ వెల్డింగ్’ అని పిలిచేదాన్ని మన పనివాళ్లు ఆ పేరు లేకుండానే సాధించారు.

ఓపెన్ సెట్టింగ్‌లో వెనుక భాగం ఖాళీ. రాయిని పట్టి ఉంచేవి ప్రాంగులు, అంటే చిన్న లోహపు గోళ్లు. టిఫనీ సంస్థ 1886లో ఆరు ప్రాంగుల ఉంగరాన్ని పరిచయం చేసింది. ప్రతి గోటికీ లోపలివైపు చిన్న గాడి కోసి, రాయి నడుమును అందులో కూర్చోబెట్టి, కొసను పైకి వంచుతారు. ఇక్కడ మేలిమి బంగారం పనికిరాదు. మెత్తన కాబట్టి గోళ్లు తెరుచుకుంటాయి. వజ్రాల నగలు ఎక్కువగా 75 శాతం బంగారం ఉండే 18 క్యారెట్లలో రావడానికి ఇదొక ముఖ్య కారణం. అటు మరీ బలంగా ఒత్తినా ప్రమాదమే. వజ్రం గీతలు పడనంత గట్టిదే కానీ, కొన్ని తలాల వెంట దెబ్బ తగిలితే చీలిపోతుంది.

రాయి చుట్టూ లోహపు అంచు కట్టే బెజెల్ కొంత వెలుతురును అడ్డుకున్నా, రోజూ పనిచేసే చేతికి అదే భద్రం. రెండు గోడల మధ్య రాళ్లను వరసగా పేర్చే చానెల్ సెట్టింగ్‌లో ఉంగరం సైజు మారిస్తే వరస సడలవచ్చు. చిన్న రాళ్లను నేలలా పరిచే పావే చూడముచ్చటగా ఉంటుంది. కానీ ఒక్కో రాయిని పట్టి ఉంచేవి పూసంత లోహపు చుక్కలే.

అందుకే అన్ని నగలనూ ఒకేలా కడగకూడదు. గోరువెచ్చని కుంకుడు రసంలో నానబెట్టి మెత్తని బ్రష్‌తో వెనుకవైపు రుద్దితే, ఓపెన్ సెట్టింగ్ వజ్రం కాంతి తిరిగి వస్తుంది. కుంకుడులోని సపోనిన్లు జిడ్డును నీటిలో కలిపేస్తాయి. అమ్మమ్మల నాటి కుందన్ హారానికి మాత్రం ఆ స్నానం చేయించకూడదు. సందుల్లోంచి నీరు దూరితే రేకు నల్లబడుతుంది, ఆ నలుపు ఎంత తోమినా పోదు. దాన్ని పొడి గుడ్డతో తుడిచి ఊరుకోవాలి. ప్రాంగుల ఉంగరాన్ని చెవి దగ్గర మెల్లగా ఆడించినప్పుడు టిక్‌టిక్‌మన్నా, దూది తగిలిస్తే పోగు చిక్కుకున్నా గోరు లేచిందని అర్థం. బిగించేదాకా ఆ ఉంగరాన్ని పెట్టుకోకపోవడమే మేలు.