తాగాలనే కోరిక ఎందుకు పుడుతుంది?

ఇక తాగనని ఒట్టు పెట్టిన మనిషి మూడో రోజే మళ్లీ ఎందుకు తాగుతాడు? మనం బుద్ధిలేక అంటాం. మనస్తత్వ శాస్త్రం మాత్రం మూడు సంగతులు చూడమంటుంది.

1. మనఃస్థితి: దిగులు, కోపం, ఒంటరితనం కోరికను రేపుతాయి. తాగితే బాధ కాసేపు తగ్గినట్లుంటుంది. మెదడు దాన్ని గుర్తుంచుకుని మళ్లీ అడుగుతుంది.

2. ధ్యాస: అలవాటుపడినవారి చూపు తెలియకుండానే సీసా మీదికి పోతుంది. మాటను వదిలి, రాసిన సిరా రంగు మాత్రమే చెప్పమనే 'స్ట్రూప్' పరీక్షలో వారు మద్యానికి సంబంధించిన మాటల దగ్గర ఆలస్యం చేస్తారు. చూపు కోరికను, కోరిక చూపును పెంచుతాయి.

3. స్త్రీ పురుష భేదం: తాగేవారిలో పురుషులే ఎక్కువ. కానీ స్త్రీ శరీరంలో నీటి శాతం తక్కువ. అందుచేత అదే మోతాదుకు రక్తంలో ఆల్కహాలు ఎక్కువవుతుంది. బాధ మరవడానికి తాగడం స్త్రీలలో ఎక్కువని అనేక పరిశోధనలు చెబుతున్నాయి.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు సారా దుకాణం మూయించారు. దుకాణం కంటపడకపోతే కోరికకు ఒక దారి మూసుకున్నట్లే.

కాబట్టి ఇంట్లో తాగేవారుంటే తిట్టి దిగులు పెంచవద్దు. దుకాణం లేని దారిన నడిపించండి. ఏళ్లుగా బాగా తాగినవారు హఠాత్తుగా మానితే ఫిట్స్ రావచ్చు. ముందు డాక్టరుకు చూపించండి.