దేమా వెళ్లిపోయిన తరువాత

పాఠ్యభాగము: 2 తిమోతి 4:9-18. చదువదగినవి: ఫిలేమోను 23, 24; కొలొస్సయులకు 4:14; 2 థెస్సలొనీకయులకు 3:14, 15; యోహాను 9:1-3.



ప్రతి సంఘపు రిజిష్టరులోను కొట్టివేయబడిన పేర్లు కొన్ని యుండును. కొన్ని చనిపోయినవారివి, కొన్ని పని వెదకుకొనుచు పట్నమునకు వలస వెళ్లినవారివి. మిగిలినవి విశ్వాసమును విడిచినవారివి. వీరిని గూర్చి మనము బోధించుట అరుదు. బోధించినను వినువారిని భయపెట్టుటకే బోధింతుము. "ఫలానావాడు దేవుని విడిచెను, ఏడాది తిరుగక మునుపే వాని ఎద్దు చచ్చెను" అని చెప్పగా నేను విన్నాను. ఎద్దులు విశ్వాసుల దొడ్లలోను చచ్చుచున్నవి గదా! 73వ కీర్తనలో ఆసాపు కలవరపడినది దేనికి? భక్తిహీనులు కొవ్వి సుఖముగా నుండుట కన్నులార చూచినందుకే. కావున విడిచినవాని బ్రదుకు ఎట్లు మారునో తెలిసికొనగోరినయెడల ఎద్దుల లెక్క మాని వేరొక చోట వెదకవలెను.

లేఖనములో దేమా అను ఒకడున్నాడు. అతనిని గూర్చి మూడు మాటలే గలవు. ఫిలేమోనుకు వ్రాసిన పత్రికలో పౌలు అతనిని మార్కు, అరిస్తార్కు, లూకాలతో కలిపి తన జతపనివారిలో లెక్కించెను. కొలొస్సయులకు వ్రాసినప్పుడు లూకాను ప్రియుడైన వైద్యుడని పిలిచి, దేమా పేరు మాత్రము ఏ విశేషణము లేకుండ వ్రాసెను. అప్పటికే ఏదో చల్లబడినదని కొందరు పండితులందురు. ఒక విశేషణము లోపించినందున నేను అంతదూరము పోజాలను. మూడవ మాట రెండవ తిమోతి పత్రికలో నున్నది. ఈ లోకము మీది ప్రేమచేత దేమా తన్ను విడిచి థెస్సలొనీకకు వెళ్లెనని పౌలు చెప్పుచున్నాడు. అంతే. యాత్రికుని ప్రయాణము వ్రాసిన బన్యను ఈ దేమాను వెండి గనియొద్ద నిలువబెట్టి బాటసారులను పిలిపించెను గాని, పౌలు వెండి మాట ఎత్తలేదు. ఇల్లు కావచ్చును, భార్యాపిల్లలు కావచ్చును, చెరసాల భయము కావచ్చును. ఈ లోకమను మాటలో ఇవన్నియు ఇముడును.

తరువాత దేమాకు ఏమి సంభవించెనో పౌలు వ్రాయలేదు. పడవ మునిగెననలేదు, కుష్ఠు పట్టెననలేదు. వ్రాసినదంతయు తన కొరతను గూర్చియే. లూకా ఒక్కడే తనయొద్ద నున్నాడట. త్రోయలో కర్పునొద్ద విడిచిన అంగీని తెమ్మనుచున్నాడు. చలికాలము రాకమునుపే రమ్మనుచున్నాడు. ఒకడు వెళ్లిపోయినప్పుడు వెళ్లినవాని బ్రదుకు మాత్రమే కాదు, విడువబడినవారి బ్రదుకును మారును. కట్టెలు తెచ్చు చేతులు రెండు తగ్గును. కీర్తనలో ఒక గొంతు తగ్గును. మనము లెక్కలో ఒక కుటుంబము తగ్గెనని చెప్పుకొందుము, పౌలుకు చలివేసెను.

ఇప్పుడు ఆ ఊరి పేరు చూడుడి. థెస్సలొనీక విశ్వాసులు లేని ఊరు కాదు. అక్కడి సంఘమును స్థాపించినవాడు పౌలే (అపొ. కార్యములు 17). అనగా దేమా వెళ్లిచేరిన ఊరి వీధులలో విశ్వాసులు తిరుగుచుండిరి. నీళ్లయొద్దను బజారులోను వారికి ఎదురుపడకుండుట ఎట్లు? ఆ సంఘమునకే పౌలు అంతకు చాలకాలము మునుపు వ్రాసిన మాట యొకటి గలదు. తన మాట విననివానితో కలిసి మెలసి యుండవద్దనెను గాని, వానిని పగవానిగా ఎంచక సహోదరునిగా బుద్ధిచెప్పుడనెను. అది దేమాను గూర్చి వ్రాసినది కాదు. పనిచేయక తిరుగువారిని గూర్చి వ్రాసినది. అయినను ఆ పత్రిక ఆ సంఘముయొద్ద నుండెను. దేమా ఎదురుపడిన దినమున వారు దానిని జ్ఞాపకము చేసికొనిరో లేదో!

విడిచినవారే మాటలాడిన సాక్ష్యమొకటి చరిత్రలో మిగిలియున్నది. మొదటి పేతురు పత్రికలో బితూనియ అను దేశము పేరు చదువుచున్నాము గదా. దానికి సుమారు 112లో ప్లినీ అనువాడు అధిపతిగా నుండి, తనయెదుటికి తేబడిన క్రైస్తవులను గూర్చి త్రాజను చక్రవర్తికి ఉత్తరము వ్రాసెను. మేము క్రైస్తవులము కామన్నవారు దేవతలను ప్రార్థించి, చక్రవర్తి ప్రతిమయెదుట ధూపమును ద్రాక్షారసమును అర్పించి, క్రీస్తును దూషింపవలసియుండెను. వారిలో కొందరు తాము మూడేండ్ల క్రిందట మానితిమనిరి. కొందరు ఇంకను మునుపే. 20 ఏండ్ల క్రిందటనే మానినవారును ఉండిరట. అక్కడ మీరేమి చేయుచుంటిరని అధిపతి అడుగగా వారు చెప్పినదేమి? నియమిత దినమున తెల్లవారక మునుపు కూడుకొని క్రీస్తును దేవునిగా నెంచి పాడుదుము. దొంగిలము, వ్యభిచరింపము, ఆడినమాట తప్పము, నమ్మి దాచిన సొమ్ము ఇయ్యకపోము అని ప్రమాణము చేయుదుము. పిమ్మట మరల కూడి అందరు తినునట్టి భోజనమే తిందుము.

వారు ప్రతిమకు మ్రొక్కినవారే, క్రీస్తును దూషించినవారే. క్రైస్తవులను గూర్చి లోకము కథలల్లుచున్న ఆ కాలములో వారు అబద్ధమాడియుంటే అధిపతికి సంతోషమే కలిగియుండును. అయినను వారు తాము విడిచినవారిని నిందింపలేదు. ఆరాధన ఆగిపోయెను, భోజనపు బల్ల దూరమాయెను, ఆ తెల్లవారుజామున విన్న పాట మాత్రము వారిని విడువలేదు. ఆదిక్రైస్తవుల ఆరాధనను గూర్చి బయటివాడొకడు వ్రాసిన మొదటి వర్ణన మనకు ముఖ్యముగా విడిచిపోయినవారి నోటినుండియే దొరికినది. ఈ సంగతి తలంచినప్పుడెల్ల నాకు ఆశ్చర్యము కలుగును.

మరియొక విధముగా విడుచుటయు కలదు. అది కాగితము మీద విడుచుట. 250లో దెకియు చక్రవర్తి, ప్రతివాడును దేవతలకు బలి అర్పించి, ఆ మాంసమును రుచిచూచి, అధికారులచేత చీటి వ్రాయించుకొనవలెనని ఆజ్ఞాపించెను. అట్టి చీట్లు 40కి పైగా ఐగుప్తు ఇసుకలో దొరికినవి. ఒక చీటిలో 72 ఏండ్ల ముసలివాడు, కుడి కనుబొమ్మపై మచ్చ గలవాడు అని యున్నది. మన బడి సర్టిఫికెట్లలో పుట్టుమచ్చలు వ్రాసినట్లే! అతడు క్రైస్తవుడై యుండెనో లేదో చీటివలన తెలియదు, చీటి అందరికిని కావలసివచ్చెను గనుక. అయితే కార్తేజి పట్టణములో క్రైస్తవులనేకులు ఎవరును ఈడ్వకమునుపే బలిపీఠమునొద్దకు పరుగెత్తిరి. మరి కొందరు బలి అర్పింపక, అధికారికి సొమ్మిచ్చి చీటి మాత్రము కొనుక్కొనిరి. ఉపద్రవము తగ్గగానే ఇరుతెగలవారును గుడి వాకిట నిలిచిరి.

కార్తేజి అధ్యక్షుడైన సిప్రియను ఆ ఉపద్రవములో పట్టణము వెలుపల దాగియుండెను. అందుకు ఆయనను తప్పుపట్టినవారును గలరు. కావున ఆయన తీర్పు చెప్పుట సులభము కాలేదు. 251లో సభ కూడి, చీటి మాత్రము కొన్నవారిని ఒక్కొక్కరి సంగతి విచారించి చేర్చుకొనుడనియు, బలి అర్పించినవారు చాలకాలము పశ్చాత్తాపములో నుండవలెననియు, మరణము సమీపించినయెడల వారిని త్రోసివేయవద్దనియు నిర్ణయించెను. మరల ఉపద్రవము రానున్నదని తోచినప్పుడు, పశ్చాత్తాపములో నున్నవారిని చావువరకు ఆపక చేర్చుకొనిరి. రోములో నొవతియను అనువాడు అట్టివారిని సంఘమెన్నటికిని చేర్చుకొనరాదని చెప్పి, వేరు సంఘము పెట్టుకొనెను. దాగిన సిప్రియనే 258 సెప్టెంబరు 14న క్రీస్తు నిమిత్తము తల నరకబడెను.

చీటి మాట మన పల్లెలకు క్రొత్త కాదు. 1950 ఆగస్టు 10న రాష్ట్రపతి ఇచ్చిన ఉత్తర్వు ప్రకారము క్రైస్తవులు షెడ్యూల్డు కులములలో లెక్కింపబడరు. ఆ ఉత్తర్వులో 1956లో సిక్కులకును 1990లో బౌద్ధులకును చోటిచ్చిరి గాని, మనకు ఇయ్యలేదు. ఆంధ్రప్రదేశ్‌లోను తెలంగాణములోను ఆ కులములకు రిజర్వేషను 100కి 15. అక్కడినుండి క్రైస్తవులైనవారిని చేర్చిన వెనుకబడిన తరగతుల 'సి' విభాగమునకు 100కి 1. ఒకే పేటలో ఒకే కూలి చేసికొను ఇద్దరు అన్నదమ్ముల పిల్లలకు ఈ తేడా ఎంత బరువో కలెక్టరాఫీసు మెట్లెక్కినవారికి తెలియును. 2024 నవంబరు 26న సుప్రీము కోర్టు, బాప్తిస్మము పొంది గుడికి వెళ్లుచు ఉద్యోగము కొరకు మాత్రము హిందువునని చెప్పుకొనుట రాజ్యాంగమును మోసగించుటయే అని తీర్పు చెప్పెను. చట్టము సంగతి అట్లుండగా, ఇంటిలోని సంగతి నేను చూచినది చెప్పెదను. పిల్లవానికి ఇంట ఒక పేరు, బడిలో ఒక పేరు. క్రిస్మస్ నాటకములో గొల్లవాని వేషము వేయుటకు తండ్రి వద్దనును, ఎవరైన ఫోటో తీయుదురేమో యని. నీవెవరివని అడిగినప్పుడు అడిగినవాని ముఖము చూచి జవాబు చెప్పుట పదేండ్ల బిడ్డ నేర్చుకొనును. ఆ తండ్రిని కఠినముగా నిందించుటకు నాకు నోరు రాదు. కడుపు నిండినవాడు ఆకలిగొన్నవానికి బోధించుట తేలిక. అయినను ఆ బిడ్డ నేర్చుకొనినది మంచిదని చెప్పజాలను.

కాగితము కొరకు గాక హృదయములోనే విడిచిన ఒకరి సంగతి నాకు దగ్గరగా తెలియును. మా పేటవాడే, ఆయన తండ్రి మా గుడి గంట కొట్టుచుండెడివాడు. ఆయన చిన్న కుమారుడు జ్వరముతో మంచము పట్టగా మూడు రాత్రులు కూడి ప్రార్థించితిమి. నాల్గవ దినమున బిడ్డ చనిపోయెను. అప్పుడు మేము ఓదార్చుటకు వెళ్లి, ఇంటిలో ఏదైన పాపము దాగియున్నదేమో పరీక్షించుకొమ్మని చెప్పితిమి. చెప్పినవారిలో నేనును ఉంటిని. పుట్టు గ్రుడ్డివాని విషయములో శిష్యులు అదే అడుగగా ప్రభువు కాదనెను. ఆ అధ్యాయమును సండేస్కూలులో ఎన్నిమారులు బోధించితినో!

ఆయన గుడికి రాక మానెను. మొదటి ఏడు మేమందరము వెళ్లి వాదించితిమి. రెండవ ఏడు ఎవరును వెళ్లలేదు. ఆయన త్రాగుబోతు కాలేదు, ఎవరి సొమ్మును అపహరింపలేదు. ఆదివారము గంట మ్రోగునప్పుడు మంచము నీడకు లాగికొని కూర్చుండును. భార్య ఒంటరిగా వచ్చి వెనుక వరుసలో కూర్చుండును. పొయ్యిమీద ఎసరు పెట్టినప్పుడెల్ల ఆమె పిడికెడు బియ్యము తీసి కానుక కుండలో వేయును. ఆయన చూచును గాని వద్దనడు. ఆయన ఇంటిలో పెద్ద గుండిగ కలదు. ఏటేట కోతపండుగ వంట దానిలోనే జరిగెడిది. ఆయన రాక మానినప్పటినుండి మేము ప్రక్క ఊరినుండి గుండిగ అద్దెకు తెచ్చుకొంటిమి.

ఒక సాయంకాలము టీ బడ్డీయొద్ద ఆయనే నన్ను పిలిచి ప్రక్కన కూర్చుండబెట్టుకొనెను. "అయ్యగారూ, రాత్రిపూట గుండె దడదడలాడితే ఎవర్ని పిలవాలో తెలియడంలేదండి. అదొక్కటే వెలితి. పాటలు కూడా అనుకోండి. కాని ఒక్క సంగతి. నా బిడ్డ నా పాపంవల్లే పోయాడా అని ఇప్పుడు అడుక్కోవడం లేదు. ఆ బరువు దిగింది" అనెను. నేను జవాబు చెప్పలేకపోతిని. ఆ బరువు పెట్టినది ప్రభువు కాదు, మేము. క్రీస్తును విడిచితిననుకొని, ఆయన వాస్తవముగా విడిచినది మా మాటను కావచ్చును.

తరువాత ఆయన తల్లి ప్రభువునందు నిద్రించెను. ఆమె చివరివరకు సంఘస్థురాలు. విడిచినవాడు శవపేటిక మోయవచ్చునా యని పెద్దలు గుడి అరుగుమీద తర్కించుచుండిరి. ఎండ ఎక్కుచుండెను. పని విరమించిన వృద్ధ బైబిలు స్త్రీ యొకామె లేచి, "కన్నతల్లిని కొడుకు మొయ్యకపోతే ఎవరు మోస్తారయ్యా? లెండి, పొద్దుపోతోంది" అనెను. ఆయన ముందు భుజము పట్టెను. సమాధియొద్ద పాట మొదలుపెట్టగా ఆయన పుస్తకము లేకుండ నాలుగు చరణములును పాడెను. మన్ను వేసి, చేతులు దులుపుకొని ఇంటికి వెళ్లెను.

ఇంతవరకు ఆయన గుడికి రాలేదు. నాకును ఆయన ముఖము చూచుటకు ధైర్యము చాల దినములు చాలలేదు. పౌలు తన పత్రికలో దేమాను గూర్చి చెప్పిన మరుసటి వాక్యముననే మార్కును వెంటబెట్టుకొని రమ్మనుచున్నాడు. ఆ మార్కు ఎవరు? ఒకప్పుడు పెర్గేలో పనిని విడిచి ఇంటికి వెళ్లినవాడు, ఇతనిని వెంట తీసికొనిపోనని పౌలే పట్టుబట్టినవాడు. అది చదివిన మరునాడు, మొన్నటి కోతపండుగకు నాలుగు దినములు ముందుగా, నేను ఆయన ఇంటికి వెళ్లి గుండిగ అడిగితిని. ఆయన లోపలికి పోయి, బూడిదతో తోమించి, తానే భుజముమీద పెట్టుకొని గుడి వాకిటివరకు తెచ్చి దించెను.