బొమ్మ ట్రాంబండి వయస్సు



మైపాటిలోని మన పాతయింటి అటకమీద దొరికిన బొమ్మ ట్రాంబండినిగూర్చి నీవు వ్రాసిన జాబు చేరినది. మద్రాసు నగరమున విద్యుత్తు ట్రాములు 1895 మే 7వ తేదీన ఆరంభమై 1953 ఏప్రిల్ 12వ తేదీతో ముగిసినవి గనుక, ఈ బొమ్మయు ఆ నడిమికాలముననే పుట్టియుండవలెనని నీవు తలంచితివి. నీ యుత్సాహము మెచ్చదగినదే. కాని బొమ్మ యనుకరించిన బండి కాలము వేఱు, బొమ్మ తయారైన కాలము వేఱు. రెండవదానిని నిర్ణయింపగోరువాడు రూపమును గాక ద్రవ్యమును, ముద్రను, నిర్మాణమును సాక్షులుగా పిలువవలయును.

ముందుగా త్రుప్పును నమ్మకుము. ఇసకపల్లి ఉప్పుకొటార్లమీదుగా వీచు గాలి మన తీరమునందలి యినుమును ఏ రీతిగా తినివేయునో నీవెఱిగినదే. ఎగువనాట నూఱేండ్లు నిగనిగలాడు రేకు ఇచ్చట కొలదికాలములోనే ఎఱ్ఱబాఱును. కావున త్రుప్పు, వస్తువు ఎచ్చట నుండెనో చెప్పునే కాని ఎన్నడు పుట్టెనో చెప్పదు.

పిమ్మట అయస్కాంతమును తాకించి చూడుము. అంటుకొన్నచో తగరపుపూత గల యినుపరేకు కావచ్చును. అట్టి బొమ్మలలో చేతితో రంగులు పూసి, అతుకులు మాటువేసినవి సాధారణముగా ప్రాచీనములు. రంగులు రేకుపైననే ముద్రించి, కొసలను చీలికలలో దూర్చి మడచినవి తరువాతివి. అంటుకొననిచో అది తుత్తునాగపు మిశ్రలోహపు పోత కావచ్చును. లివర్‌పూలులోని మెకానో సంస్థవారు 1934లో వెలువరించిన డింకీ ట్రాము ఈ జాతిలోనిదే. ఆనాటి లోహమున సీసము మొదలగు మలినములు కలిసినచో, కాలక్రమమున బొమ్మ ఉబ్బి, బీటలువాఱి, తనంత తానే పొడియగును. ఇది త్రుప్పు కాదు, లోపలి వ్యాధి.

ఇక అడుగుభాగమునందలి ముద్ర. 1890 నాటి అమెరికా సుంకపు చట్టము దిగుమతి వస్తువులపై దేశనామమును విధించినందున, అటుపిమ్మటి సరకులపై ‘జర్మనీ’ మున్నగు పేర్లు విరివిగా కానవచ్చును. ‘యు.ఎస్. జోన్ జర్మనీ’ యని యున్నచో రెండవ ప్రపంచయుద్ధానంతరమున 1949 ప్రాంతము వఱకును, ‘ఆక్యుపైడ్ జపాన్’ అని యున్నచో 1952 వఱకును గల స్వల్పకాలమునకు చెందినవని గ్రహింపవలెను.

పైకప్పుమీది దండమును కూడ పరికింపుము. తీగనుండి విద్యుత్తును గ్రహించు ట్రాలీదండము అమెరికాలోని రిచ్‌మండు నగరమున 1888లో స్ప్రేగు అను ఇంజనీరు నడిపిన ట్రాములతో లోకప్రసిద్ధమైనది. అది లేనంతమాత్రమున గుఱ్ఱపు ట్రామని తీర్పు చెప్పరాదు. మద్రాసు ట్రాములకే తొలుత భూమిలోని గాడినుండి విద్యుత్తు అందెడిది. దండము విఱిగిపోయినదేమో, రంధ్రముకొఱకు వెదకుము.

ఈ శాస్త్రమునకంతటికి మూలసూత్రమొకటి: ఏ బొమ్మయు తనతో పుట్టిన భాగములలో మిక్కిలి క్రొత్తదానికంటె పాతది కాజాలదు. ‘తనతో పుట్టిన’ యను మాట మఱువకుము. తరువాత మార్చిన చక్రమో మేకో యున్నచో అది మరమ్మతు కాలమునే తెలుపును.

ఇప్పుడు నీ బొమ్మను విచారింతము. దానిపై అయస్కాంతము నిలువలేదనియు, అడుగున ‘లెస్నీ’ యనియు, ‘మోడల్స్ ఆఫ్ యెస్టర్‌ఇయర్’ అనియు, మూడవ సంఖ్యయు పోతపోసియున్నవనియు వ్రాసితివి. లెస్నీ సంస్థ లండనులో 1947లో స్థాపింపబడినది. ఆ వరుస 1956లో ఆరంభమైనది. అందు మూడవ సంఖ్య 1907 నాటి లండను ట్రాము. 1960ల నడుమ ఆ సంఖ్య ఒక బెంజి మోటారుకారునకు పోయినది. కనుక నీవు మద్రాసు ట్రామనుకొన్న బండి, మద్రాసు ట్రాములు నిలిచిపోయిన మూడేండ్లకు గాని పుట్టలేదు!

నిరుత్సాహపడకుము. దానిని తోమకుము, రంగు పూయకుము. చిన్న మెత్తని కుంచెతో దుమ్ము మాత్రము దులిపి, ఉప్పుగాలి సోకని మూతపెట్టెలో నుంచుము. నీ పుస్తకమున ‘1956 – 1960ల మధ్యభాగము’ అని వ్రాసి, ప్రక్కనే ఏ సాక్ష్యముచేత ఏ హద్దు ఏర్పడెనో వివరింపుము. ఒక్క సంవత్సరమును గట్టిగా చెప్పవలెనన్న చాపల్యమును మాత్రము అణచుకొనుము.

ఇట్లు,
తాతయ్య