బొమ్మ ఇటుకలతో నడిచెడి స్కీ లిఫ్టు

సెలవు దినములలో పిల్లలచేత ఏమి చేయింపవలెనని అడుగు తల్లిదండ్రులు ప్రతి సంవత్సరమును కొందఱు ఉందురు. వారి కొఱకే ఈ పాఠము. ఇందు చెప్పబోవునది ఒక యంత్రపు నమూనా. దానికి కావలసినవి బొమ్మ ఇటుకలు, ఒక చిన్న మోటారు, బ్యాటరీ పెట్టె, రెండున్నర మీటర్ల గట్టి నూలుదారము. అసలు యంత్రము మన ప్రాంతపుది కాదు, మంచు కురియు కొండలది. అయినను అందలి శాస్త్రము మన నూతి గిలకలో నున్నదే.

మంచుదేశములలో జనులు పొడవైన పలకలను పాదములకు బిగించుకొని కొండవాలున జారుదురు. ఆ పలకలే స్కీలు. క్రిందికి జారుట కొద్ది నిమిషముల పని. తిరిగి పైకెక్కుట మిక్కిలి ప్రయాస. ఈ ప్రయాస తప్పించుటకు జర్మనీలోని బ్లాక్ ఫారెస్టు ప్రాంతమున, షోలాక్ అను పల్లెలో, రాబర్ట్ వింటర్‌హాల్డర్ అను సత్రపు యజమాని 1908లో తన నీటిమర బలముతో తిరుగు త్రాటిని కొండవాలున అమర్చెను. అతిథులు దాని నాధారము చేసికొని పైకి పోయెడివారు. కూర్చుండి పోవు లిఫ్టు మాత్రము 1936లో అమెరికాలో ఐడహో రాష్ట్రపు సన్ వ్యాలీలో వెలసెను. యూనియన్ పసిఫిక్ రైలు కంపెనీ ఇంజనీరు జేమ్స్ కరన్ దాని నిర్మాత. అంతకు పూర్వము ఆయనకు అరటిగెలలను ఓడల కెక్కించు త్రాటి యంత్రములతో పరిచయ ముండెను. కొక్కెమునకు గెల బదులు కుర్చీ తగిలించిన నేమి అని ఆయనకు తోచినది. కుర్చీ ఎంత వేగమున వచ్చినచో నిలుచున్న మనిషి క్షేమముగా కూర్చుండగలడో తెలిసికొనుటకు ఒమాహా పట్టణమున ట్రక్కు ప్రక్కను కుర్చీ కట్టి నడిపి చూచిరట! అరటిగెల మాట చెప్పగానే పిల్లలు నవ్వుదురు. ఆ నవ్వుతోనే సగము యంత్రము వారికి బోధపడును.

విశాఖపట్టణపు కైలాసగిరిపైనను, శ్రీశైలమున పాతాళగంగ కడను రోప్‌వే ఎక్కినవారు మనలో ననేకులు కలరు. అచ్చట మూసిన పెట్టెలలో కూర్చుందుము. స్కీ లిఫ్టునందు కుర్చీలు వరుసగా త్రాటికి వ్రేలాడుచు, ఒక ప్రక్క నెక్కుచు, మఱియొక ప్రక్క దిగుచు, జపమాలలోని పూసలవలె ఎడతెగక తిరుగుచుండును. త్రాడు ఒక్కటే, దానికి మొదలును తుదియు లేవు.

ఇటుకల సంగతి రెండు మాటలలో ముగింతును. డెన్మార్కు దేశమున బిల్లుండ్ గ్రామపు వడ్రంగి ఓలే కిర్క్ క్రిస్టియన్‌సెన్ 1932లో బొమ్మలు చేయ నారంభించెను. ఆయన స్థాపించిన లెగో సంస్థ నేటి ఇటుక రూపమునకు పేటెంటు కోరినది 1958లో. ఆనాటి ఇటుక నేటి ఇటుకతో బిగియును. రెండు బొడిపెల నడుమ దూరము 8 మిల్లీమీటర్లు, ఇటుక ఎత్తు 9.6 మిల్లీమీటర్లు. వీని వెల అధికమే, దాచవలసిన పని లేదు. రెండు మూడు ఇండ్లవారు కలసి కొనవచ్చును. స్తంభములను అట్టపెట్టెలతోను, గిలకలను దారపు రీళ్లతోను చేసినను లెక్క మాఱదు.

ఇక నిర్మాణము. పొడవైన బల్లపై రెండు స్తంభములు నిలుపవలెను. వాని నడుమ దూరము 80 సెంటీమీటర్లు. క్రింది గిలక 10 సెంటీమీటర్ల ఎత్తునను, పై గిలక 40 సెంటీమీటర్ల ఎత్తునను ఉండవలెను. గిలకలు నూతి గిలకవలె నిలువుగా గాక తిరుగలివలె పరుండి తిరుగవలెను. 6 సెంటీమీటర్ల వ్యాసము గల గిలకకు చుట్టుకొలత సుమారు 19 సెంటీమీటర్లు. రెండు గిలకలను చుట్టి వచ్చు దారము పొడవు సుమారు 190 సెంటీమీటర్లగును. లెక్కను పిల్లలచేతనే కట్టించుడు.

మోటారును పై స్తంభమున నుంచుట మేలు. బరువు లాగెడి దారము అచ్చటనే ఎక్కువ బిగువుగా గిలకను పట్టును. అయితే మోటారును నేరుగా గిలకకు తగిలించినచో కుర్చీలు వడిసెల రాళ్లవలె ఎగిరిపోవును. వేగము తగ్గింపవలెను. అందులకు మరచుట్లు గల చిన్న ఇరుసును మోటారుకు బిగించి, దానిని 24 పండ్ల చక్రముతో కలుపవలెను. మర ఒక చుట్టు తిరిగినపుడు చక్రము ఒక్క పన్ను మాత్రమే కదలును; కనుక మర 24 చుట్లు తిరిగినగాని చక్రము ఒక చుట్టు తిరుగదు. మోటారు నిమిషమునకు 240 చుట్లు తిరుగుననుకొన్న గిలక 10 చుట్లు తిరుగును. చుట్టునకు 19 చొప్పున దారము 190 సెంటీమీటర్లు నడచును. అనగా ఒక కుర్చీ సరిగా నిమిషములో కొండ ఎక్కి దిగి వచ్చును.

ఈ మరచక్రమునకు ఇంకొక గుణము కలదు. మర చక్రమును త్రిప్పగలదు గాని చక్రము మరను త్రిప్పలేదు. బ్యాటరీ ఆగినను బొమ్మలతో నిండిన కుర్చీలు వెనుకకు జాఱవు. నిజమైన లిఫ్టులందును వెనుకకు జాఱకుండ ఆపు సాధనములు తప్పక యుండును. మోటారు మోయునది మొత్తము బరువు కాదనియు పిల్లలకు చూపవలెను: ఎక్కు ఖాళీ కుర్చీని దిగు ఖాళీ కుర్చీ తూచును, మోటారుకు మిగులునది కూర్చున్న బొమ్మల బరువును, రాపిడియు మాత్రమే.

క్రింది గిలకను స్తంభమునకు గట్టిగా బిగింపరాదు. ముందు వెనుకలకు జరుగు పీటపై నుంచి, పీటకు వెనుక దారము కట్టి, బల్ల అంచుమీదుగా చిల్లర నాణెముల మూటను వ్రేలాడదీయవలెను. నూలుదారము సాగినకొలది మూట దానిని బిగించుచుండును. అయినను దారము జాఱినచో పై గిలక గాడిలో రబ్బరు పట్టీ నొకదానిని తొడిగిన చాలును. కుర్చీ కొక్కెము మొదట దారమునుండి వెలుపలికి చాచి, పిమ్మట క్రిందికి వంగవలెను. లేనిచో గిలక అంచుకు తగులును. పది కుర్చీలైన 19 సెంటీమీటర్ల కొకటి.

ఇంతవఱకు సులభము. కష్టము మా యింట జరిగినదే చెప్పెదను. అయిదవ తరగతి చదువు మా మనుమరాలు దీనిని కట్టినది. కుర్చీ పై గిలకను చేరగానే దారము గాడి తప్పి పడిపోయెడిది. నాణెములు ఎక్కువ చేసినది; మఱింత త్వరగా పడినది. రెండు సాయంకాలములు ఇట్లే గడచెను. మూడవ రాత్రి పిల్ల నిద్రించిన పిమ్మట నేను గిలకను వాలునకు తగినట్లు వంచి బిగించితిని. ప్రొద్దుట యంత్రము చక్కగా తిరిగెను. ఆమె రెండు చుట్లు చూచి, "ఇది తాతయ్య లిఫ్టు" అని లేచిపోయెను. తొమ్మిది దినములు దానిని ముట్టలేదు. నేను చేసినది సహాయమని అంతవఱకు నమ్మియుంటిని.

పదవనాడు గిలకను యథాప్రకారము సమముగా నుంచి, బల్ల ప్రక్కన నేలపై కూర్చుండి దారమును చూచుచుంటిని. ఏమి చూచుచున్నావని వచ్చినది. నీవును చూడుమంటిని, అంతే. ఆమె తన కన్ను దారము ఎత్తునకు తెచ్చి, పెన్సిలును దారము వెంబడి పట్టి, "దారము ఏటవాలుగా వచ్చుచున్నది, గిలక మాత్రము తిన్నగా నున్నది" అనెను. పిదప త్రైరాశికము వేసినది: 80కి 30 అయిన, 16 సెంటీమీటర్ల మోటారు పీటకు 6. పీట వెనుక అంచు క్రింద ఆఱు ఇటుకలు పేర్చెను. అవి ఆఱుకు కొంచెము తక్కువ. అయినను దారము నిలిచెను. క్రింది గిలకకును అట్లే చేసినది. నేను కీలు ముక్కలతో చేసిన పనికంటె ఇది సులువు.

ఇప్పుడు నడుమ స్తంభములు కావలెనట. నిజమైన లిఫ్టులో త్రాడు స్తంభముల గిలకలపై నానుకొని పోవును. కొక్కెము వానిని తాకక దాటవలెను. అది ఎట్లో ఇంకను తేల్చలేదు. బల్లపై సగము కట్టిన స్తంభ మొకటి ఉన్నది. నేను దాని జోలికి పోలేదు.