మాంచెస్టర్: మిల్లులు ఆగిన నగరాన్ని పేటల వారీగా చదవడం

పోటీ పరీక్షలకు తయారయ్యే మనలో ఎవరిని అడిగినా ఈ రెండు బిట్లకు తడుముకోకుండా జవాబు చెబుతారు. భారతదేశపు మాంచెస్టర్ ఏది? అహ్మదాబాదు. దక్షిణ భారత మాంచెస్టర్ ఏది? కోయంబత్తూరు. మరి అసలు మాంచెస్టర్ ఎలాంటి ఊరు, అక్కడ ఇప్పుడు ఏముంది అని అడిగితే మాత్రం ఫుట్‌బాల్ జట్ల పేర్లు చెప్పి ఆగిపోతాం. నూలు మిల్లులకు మారుపేరుగా లోకమంతా వాడుకునే ఆ నగరం నేడు నూలు వడికి బతకడం లేదు. ఆ సంగతి ఏ బిట్టులోనూ రాదు.

మన వసతి గృహాల్లో చదివి విదేశీ విద్య కోసం ఇంగ్లండు వైపు చూస్తున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇప్పుడు ఉన్నారు. వెళ్లేవారికి దారి చూపడానికీ, వెళ్లనివారికి ఒక ఊరిని ఎలా చదవాలో చెప్పడానికీ ఈ పాఠం. ఏ పేటలో అడుగుపెట్టినా మూడు ప్రశ్నలు వేసుకుందాం. ఈ కట్టడం మొదట దేనికోసం కట్టారు? ఇందులో ఎవరు కష్టపడ్డారు? ఇప్పుడు ఇందులో ఎవరుంటున్నారు? మూడో ప్రశ్నకు జవాబు వెతకడమే కష్టం. అందుకే దాన్ని వదలకూడదు.

ముందుగా కొంత చరిత్ర

మాంచెస్టర్ ఇంగ్లండు వాయవ్య భాగంలో, లంకాషైర్ ప్రాంతంలో ఉంది. ఈ ఊరి కథలో మన తీరానికీ చోటుంది. 17వ శతాబ్దంలో మచిలీపట్నం వంటి రేవుల నుండి ఓడలెక్కిన అద్దకపు బట్టలంటే ఇంగ్లండు వారికి ఎంతో మోజు. తమ ఉన్ని, పట్టు నేత దెబ్బతింటోందని అక్కడివారు గోల చేయగా 1700, 1721 సంవత్సరాల్లో చట్టాలు చేసి ఆ బట్టలను అడ్డుకున్నారు. ఆ చాటున లంకాషైర్ నూలు పరిశ్రమ కాళ్లూనుకుంది. తర్వాత యంత్రాలు, ఆవిరి శక్తి వచ్చాయి. 19వ శతాబ్దానికి కథ తిరగబడి, అక్కడి మిల్లు బట్ట మన అంగళ్లలోకి వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు లంకాషైర్ బట్టను అందరికన్నా ఎక్కువగా కొన్నది మన దేశమే.

యుద్ధం తర్వాత జపాన్ మిల్లులు, మన మిల్లులు పోటీకి వచ్చాయి. మన దేశంలో విదేశీ వస్త్ర బహిష్కరణ సాగింది. 1931లో గాంధీజీ లంకాషైర్‌లోని డార్వెన్ పట్టణానికి వెళ్లి, పనులు పోయిన మిల్లు కార్మికులను స్వయంగా కలిశారు. తర్వాతి దశాబ్దాల్లో మిల్లులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. 1931లో 7.6 లక్షలు దాటిన నగర జనాభా 2001 నాటికి నాలుగు లక్షల దరిదాపులకు పడిపోయింది. 2021 జనాభా లెక్కల్లో మళ్లీ 5.5 లక్షలకు చేరింది. పడిపోయిన నగరం ఎలా లేచింది, ఎవరితో కలిసి లేచింది అన్నది పేటల్లో నడిస్తే తెలుస్తుంది.

కాసిల్‌ఫీల్డ్: మొదలైన చోటు

నడక ఇక్కడ మొదలుపెట్టడం మంచిది. క్రీ.శ. 79 ప్రాంతంలో రోమన్లు కోట కట్టిన చోటు ఇదే. 1761లో మొదలైన బ్రిడ్జ్‌వాటర్ కాలువ వర్స్‌లీ బొగ్గు గనుల నుండి ఇక్కడికి చౌకగా బొగ్గు తెచ్చింది. బొగ్గు చౌకైతే ఆవిరి యంత్రం చౌకవుతుంది. ఆవిరి యంత్రం వస్తే మిల్లు ఏటి ఒడ్డునే ఉండాలన్న నియమం పోతుంది. పరిశ్రమ ఊళ్లోకి వచ్చిన మర్మం ఇదే.

1830 సెప్టెంబరు 15న లివర్‌పూల్–మాంచెస్టర్ రైలు మార్గం ప్రారంభమైంది. రెండు నగరాల మధ్య పూర్తిగా ఆవిరి యంత్రాలతో ప్రయాణికులను చేరవేసిన తొలి రైలు మార్గంగా దాన్ని చెబుతారు. నాటి లివర్‌పూల్ రోడ్డు స్టేషను ఆవరణలోనే ఇప్పుడు సైన్సు, పరిశ్రమల మ్యూజియం ఉంది. ప్రవేశం ఉచితం.

ఆంకోట్స్: మిల్లుల పేట

ప్రపంచంలోనే తొలి పారిశ్రామిక పేటగా పేరున్నది ఆంకోట్స్. 1798లో మొదలైన మర్రీ సోదరుల మిల్లులు ఇక్కడి రాచ్‌డేల్ కాలువ ఒడ్డున ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. ఈ మిల్లుల్లో పిల్లలు కూడా పనిచేశారు. తెగిన దారాలు అతకడానికీ, యంత్రాల కింద దూది ఊడ్చడానికీ చిన్న చేతులు, చిన్న ఒళ్లు కావాలన్నది యజమానుల లెక్క. మన వయసు వారు అప్పుడు బడిలో లేరు, యంత్రం కింద ఉన్నారు. ఆ మిల్లుల్లోకి వచ్చిన పత్తిలో ఎక్కువ భాగం అమెరికాలో నల్లజాతి బానిసలు పండించినది.

ఇప్పుడు అదే మర్రీ మిల్లుల్లో ఖరీదైన ఫ్లాట్లున్నాయి. చుట్టూ హోటళ్లు, కాఫీ దుకాణాలు. ఎర్ర ఇటుక గోడను అందంగా నిలుపుకున్నారు, సంతోషమే. కానీ మిల్లులో పనిచేసిన కుటుంబాల వారసులు ఆ అద్దె భరించి అక్కడ ఉండగలరా? మన మూడో ప్రశ్న ఇక్కడే గట్టిగా వినబడుతుంది.

అదే పేటలో ఆంకోట్స్ డిస్పెన్సరీ అనే పాత పేదల ఆస్పత్రి భవనం ఉంది. ఖాళీగా పాడుబడిన దాన్ని కూల్చేస్తారని తెలిసి స్థానికులు ఏళ్ల తరబడి దాని ముందు కాపలా కాసి కాపాడుకున్నారు. పేదలు కూడా తమ చరిత్రకు తామే కావలి కాయవచ్చని ఆ భవనం చెబుతుంది.

నగర కేంద్రం: బేరాలు, సభలు, పుస్తకాలు

రాయల్ ఎక్స్ఛేంజ్ భవనం ఒకప్పటి నూలు బజారు. 1968 చివరిలో ఇక్కడ బేరాలు ఆగిపోయాయి. ఆ ఆఖరి రోజు ధరలు చూపిన బోర్డు ఇప్పటికీ పైన అలాగే ఉంది. దాని కింద 1976 నుండి నాటకశాల నడుస్తోంది. 1996లో ఐరిష్ రిపబ్లికన్ ఆర్మీ పెట్టిన బాంబు వల్ల దెబ్బతిని మళ్లీ తెరుచుకుంది.

సెయింట్ పీటర్స్ ఫీల్డ్ అనే మైదానంలో 1819 ఆగస్టు 16న సుమారు 60,000 మంది ఓటు హక్కు కోసం శాంతియుతంగా సభ జరుపుకున్నారు. అంత పెద్ద ఊరికి అప్పుడు పార్లమెంటులో ఒక్క సభ్యుడూ లేడు. గుర్రపు దళం కత్తులతో జనం మీద పడింది. 18 మంది చనిపోయారని లెక్క. దీన్నే పీటర్‌లూ అంటారు. 2019లో స్మారకం కట్టారు. అయితే అది మెట్లు మెట్లుగా ఉండటంతో చక్రాల కుర్చీ మీద వచ్చేవారు ఎక్కలేరని విమర్శ వచ్చింది. సమానత్వానికి కట్టిన గుర్తు కూడా అందరికీ అందాలి కదా!

ఆ దగ్గరలోనే లింకన్ స్క్వేర్‌లో అబ్రహాం లింకన్ విగ్రహం ఉంది. అమెరికా అంతర్యుద్ధం వల్ల 1861–65 మధ్య పత్తి రాక లంకాషైర్ మిల్లులు ఆగి, కార్మికులు పస్తులున్నారు. అయినా 1862 డిసెంబరు 31న మాంచెస్టర్ కార్మికులు సభ పెట్టి, బానిసత్వానికి వ్యతిరేకంగా పోరాడే లింకన్‌కు మద్దతుగా లేఖ రాశారు. లింకన్ 1863 జనవరిలో జవాబిచ్చారు. ఆకలిలోనూ ఇంకొకరి సంకెళ్ల గురించి ఆలోచించిన మనుషులు వారు. నగరంలో ఒకే విగ్రహం చూసే వ్యవధి ఉంటే దీన్నే చూడమంటాం.

పుస్తకాలంటే ఇష్టమున్నవారు రెండు చోట్లకు వెళ్లాలి. ఒకటి 1653లో స్థాపించిన చీతమ్స్ గ్రంథాలయం. 1845 వేసవిలో మార్క్స్, ఎంగెల్స్ కలిసి చదువుకున్న కిటికీ మూల అక్కడ చూపిస్తారు. 22 ఏళ్ల వయసులో తండ్రి కంపెనీ పని మీద ఈ ఊరికి వచ్చిన ఎంగెల్స్, పెద్ద వీధుల్లో దుకాణాలు మెరుస్తుంటే వాటి వెనుక మురికివాడలు కనబడకుండా ఊరు ఎలా అమరిందో గమనించి రాశారు. రెండోది జాన్ రైలాండ్స్ గ్రంథాలయం. నూలు వ్యాపారి జ్ఞాపకార్థం ఆయన భార్య కట్టించగా 1900లో తెరిచారు. ఇర్వెల్ నది ఒడ్డున, ఒకప్పటి నీటి పంపుల కేంద్రంలో ఉన్న ప్రజా చరిత్ర మ్యూజియంలో కార్మిక సంఘాల పాత పతాకాలు భద్రపరిచారు.

ఆక్స్‌ఫర్డ్ రోడ్డు: చదువుల దారి

విద్యార్థులకు అన్నిటికన్నా దగ్గరి పేట ఇది. తొమ్మిదో తరగతి నుండి మనం చదివే పరమాణు సిద్ధాంతకర్త జాన్ డాల్టన్ నేతగాని కొడుకు. ఇంగ్లండు అధికార చర్చికి చెందని క్వేకరు మతస్తుడు కావడంతో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ తలుపులు ఆయనకు మూసే ఉన్నాయి. మాంచెస్టర్‌లో పాఠాలు చెప్పుకుంటూ పరిశోధన చేశారు. ఆయన పేరుతో నగర కేంద్రంలో వీధి ఉంది. ఈ విశ్వవిద్యాలయంలోనే రూథర్‌ఫర్డ్ 1911లో పరమాణు కేంద్రకాన్ని ప్రతిపాదించారు. ప్రోగ్రామును తనలోనే దాచుకొని నడిచిన తొలి కంప్యూటరు 1948 జూన్ 21న ఇక్కడే పనిచేసింది. 2004లో గ్రాఫీన్‌ను ఇక్కడే వేరుచేశారు. మాంచెస్టర్ మ్యూజియంలో 2023లో దక్షిణాసియా గ్యాలరీ తెరిచారు.

దారిలో ఆల్ సెయింట్స్ దగ్గర పాత టౌన్‌హాలు ముఖభాగం చూడండి. 1945 అక్టోబరులో ఐదవ పాన్ ఆఫ్రికన్ మహాసభ జరిగింది అక్కడే. దానికి వచ్చిన ఎన్‌క్రుమా తర్వాత ఘనాకు, కెన్యాటా తర్వాత కెన్యాకు నాయకులయ్యారు. మరికొంత ముందుకు నెల్సన్ వీధిలో పాంక్‌హర్స్ట్ ఇల్లు ఉంది. స్త్రీల ఓటు హక్కు కోసం పోరాడిన సంఘం 1903లో ఆ ఇంట్లోనే పుట్టింది. ఇంకా ముందుకు వెళితే రషోమ్. దక్షిణాసియా వంటల హోటళ్ల వరుస వల్ల 'కర్రీ మైల్' అని పేరు.

హ్యూమ్, మాస్ సైడ్: ఇళ్ల కథ

హ్యూమ్ పేరులో 'ఎల్' అక్షరం ఉంది కానీ పలకరు. 1904లో రాయిస్ తన తొలి కారు తయారు చేసింది ఈ పేటలోనే. మురికివాడలు పడగొట్టి 1972లో ఇక్కడ అర్ధచంద్రాకారపు భారీ భవనాలు కట్టారు. వాటిని క్రెసెంట్స్ అన్నారు. చలి, చెమ్మ, పురుగులు, భద్రత లేని నడవాలు. కొద్ది ఏళ్లకే పిల్లలున్న కుటుంబాలకు పనికిరావని తేలింది. 1990లలో అవన్నీ కూల్చి, మళ్లీ మామూలు వీధులు, ఇళ్లు కట్టారు. ఉండబోయేవారిని అడగకుండా కట్టిన ఇల్లు ఎంత కొత్తదైనా నిలవదని ఈ పేట పాఠం. పక్కనున్న మాస్ సైడ్‌లో కరీబియన్ దీవుల నుండి వచ్చిన కుటుంబాలు స్థిరపడ్డాయి. నిరుద్యోగం, పోలీసుల వేధింపుల మీద కోపం 1981లో అల్లర్లుగా పేలింది.

తూర్పు మాంచెస్టర్, సాల్ఫర్డ్ కీస్

తూర్పున బ్రాడ్‌ఫర్డ్ అనే పేటలో 1968 వరకు బొగ్గు గని నడిచింది. ఆ ప్రాంతంలోనే 2002 కామన్వెల్త్ క్రీడల కోసం స్టేడియం కట్టారు. ఆ క్రీడల్లో మన మహిళల హాకీ జట్టు బంగారు పతకం గెలిచింది. 2003 నుండి ఆ స్టేడియం మాంచెస్టర్ సిటీ జట్టుకు సొంత మైదానం.

పడమట ఉన్నది సాల్ఫర్డ్, వేరే నగరం. సుమారు 58 కిలోమీటర్ల ఓడల కాలువను 1894లో తెరిచి సముద్రాన్ని ఊరి దగ్గరికి తెచ్చుకున్నారు. 1896లో మొదలైన ట్రాఫర్డ్ పార్క్ పారిశ్రామికవాడలో 1945 నాటికి సుమారు 75,000 మంది పనిచేశారు. పెద్ద కంటైనర్ ఓడలు ఆ కాలువలో పట్టక 1982లో రేవు మూతపడింది. ఇప్పుడు ఆ రేవు ఒడ్డున లౌరీ కళాకేంద్రం, 2011 నుండి బీబీసీ కార్యాలయాలు ఉన్నాయి. మిల్లు జనాన్ని బొమ్మలు గీసిన లౌరీ, ఇంటి అద్దెలు వసూలు చేసే ఉద్యోగి. రోజూ తిరిగిన వీధులనే గీశారు.

వెళ్లేవారికి నాలుగు మాటలు

వాన ఎప్పుడైనా పడుతుంది, గొడుగు ఉంచుకోండి. కేంద్ర పేటలు నడిచి చూడవచ్చు. దూరపు వాటికి పసుపు రంగు ట్రాములు, బస్సులు ఉన్నాయి. మ్యూజియాలు, గ్రంథాలయాలు చాలావరకు ఉచితం కాబట్టి చేతిలో డబ్బు తక్కువున్న విద్యార్థికి ఇది మంచి ఊరు. వీధి స్తంభాల మీద, చెత్తబుట్టల మీద తేనెటీగ బొమ్మ కనిపిస్తుంది. శ్రమకు గుర్తుగా 1842 నుండి అది నగర చిహ్నంలో ఉంది.

ఒక్క సంగతి మనసులో ఉంచుకుందాం. మిల్లు ఆగిపోయాక గోడకు నలభై ఏళ్లకైనా కొత్త పని దొరికింది. యంత్రం ముందు నిలబడిన మనిషికి అన్నేళ్లు ఆగే వీలు లేకపోయింది. చేతి పని పోయినా కొత్త పని నేర్చుకోగల చదువు అతని పిల్లలకు అందిందా లేదా అన్నదే ఆ కుటుంబం తలరాతను తేల్చింది. మనకు అందుతున్న చదువు విలువ అక్కడ ఉంది.

అభ్యాసం

1. బొగ్గు చౌక కావడానికీ, మిల్లులు ఊళ్లోకి రావడానికీ సంబంధం ఏమిటి?
2. పస్తులున్న కార్మికులు లింకన్‌కు మద్దతు ఎందుకు పలికారు? పది వాక్యాలు రాయండి.
3. ఆంకోట్స్, హ్యూమ్ పేటల్లో ఇళ్ల విషయంలో జరిగిన మార్పులను పోల్చండి.
4. మీ ఊళ్లో మూతపడిన మిల్లు, ఫ్యాక్టరీ ఏదైనా ఉంటే అందులో పనిచేసిన ఒకరిని కలిసి, మన మూడు ప్రశ్నలు అడిగి జవాబులు రాసుకోండి.